సింగారి ఎక్కని ట్రాలీ

మొన్న ఆదివారం నాయన హిందూపురం నుంచి ప్యాసింజర్ రైల్లో ధర్మవరం వచ్చాడు. మనవరాలికి బొరుగుల ఉండలు, నాకు పెరటి కరివేపాకు, మా అత్తకు గోరింటాకు, అన్నీ ఒకే సంచిలో కుక్కుకొని తెచ్చాడు. కాళ్ళు కడుక్కొని, కాఫీ తాగి, మా వసారాలో కూర్చొని వానల గురించీ మోకాళ్ళ గురించీ మాట్లాడాడు. పక్కింటి మగ్గం చప్పుడులో సగం మాటలు వినబడలేదు. లేవబోయే ముందు మాత్రం గొంతు పెంచి ఒక మాట చెప్పాడు. "ట్రాలీని పాత ఇనుము గుజిరీకి ఏసేసినా పాపా. వాన పడితే తుప్పు నీళ్ళు కారి గోడంతా ఎర్రగా అయితాంది. కమాన్లు మాత్రం ఇంకా గట్టిగుండాయన్నాడు ఆ గుజిరీ ఆయప్ప." పోనీలే నాయనా అన్నాను. సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింటి గట్టు మీద నోటుపుస్తకం పెట్టుకొని, నిలబడే రాస్తున్నాను. కూర్చుంటే లేచిపోయి హాసిని ఊపిరి చూడాలనిపిస్తుంది. నాలుగేళ్ళ పిల్ల నిద్రలో ఊపిరి తీస్తుందా లేదా అని గంటకోసారి చూసే తల్లిని నేనొక్కదాన్నే కాదని తెలుసు. తెలిసినా చూస్తాను.

ఆ ట్రాలీ గడ్డీ గాదమూ మోసేందుకు చేయించింది కాదు. గుర్రం కోసం చేయించింది. మా తాత హిందూపురం స్టేషన్ బయట జట్కా తోలేవాడు. ఆటోలొచ్చి జట్కాలను తినేశాక, తాత కూడా పోయాక, నాయన బండిని అమ్మి గుర్రపు పనిని మాత్రం వదలలేదు. సింగారి అని ఒక బూడిద తెలుపు ఆడగుర్రాన్ని తెచ్చి పెళ్ళికొడుకును ఊరేగించే మెరవణులకు తిప్పేవాడు. పొద్దున్నే మా ఇంట్లో మొదట లేచేది ఉలవల వాసన. అవ్వ (నాయన తల్లి) పెద్ద కుండలో ఉలవలు ఉడకేసి, చెయ్యి పెట్టి వేడి చూసి, తవుడు కలిపి గంగాళంలో పోసేది. గుర్రం తిన్నాకే నాయనకు సంగటి, ఆ తర్వాత మాకు. ఆ వాసన నాతో పాటు బడికి వచ్చేది. నా వెనక బెంచీ పిల్ల "గుర్రాలామె వచ్చిందే" అని కొంగు లేకపోయినా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నట్టు నటించేది. అమ్మ గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయేది. సాయంత్రం అమ్మ జడలో బట్టల పీచు ఉండేది, నా జడలో గడ్డి ఉండేది. ఇద్దరం గడప మీద కూర్చొని ఒకరి తల ఒకరం ఏరుకునేవాళ్ళం. నాయన దీపం వెలుతురులో మెరవణి సామాను బాగుచేసేవాడు. అద్దాల గుడ్డ, కుచ్చులు, తల మీద పెట్టే ఈకల కిరీటం, కాళ్ళకు కట్టే గజ్జెలు. గజ్జెలు మాత్రం అవ్వ దాచేది. ఊరికే మోగితే ఇంటికి మంచిది కాదనేది. అవ్వకు మంచివి కాని సంగతులు చాలా ఉండేవి.

మెరవణులు హిందూపురంలోనే ఉంటే నడిపించుకొని పోయేవాళ్ళు. పెనుకొండ, ధర్మవరం, ఒక్కోసారి కదిరి వైపు పిలుపులొస్తే ట్రాలీ. దాన్ని నాయన ఏదో పాత జీపు నుంచి తీసిన ఇరుసుతో కట్టించాడు. రెండు చక్రాలు, చుట్టూ చెక్కలు, వెనక తలుపు. ఆ తలుపు దించితే గుర్రం ఎక్కే పలక అయ్యేది. ఇరుసుకు రెండు పక్కలా కమాన్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు పట్టీలు. గుంతల్లో బండి కుదుపును మింగేది అవే. నాయన మా జీపు వెనక దాన్ని తగిలించుకొని పోయేవాడు, ఎండాకాలం సెలవుల్లో నన్నూ తీసుకుపోయేవాడు. నాకొక పని ఉండేది. జీపు ఆగిన ప్రతిచోటా దిగి, ట్రాలీ రెండు చక్రాల నడిమి మూతల మీద చెయ్యి పెట్టి చూడాలి. లోపల బేరింగుల్లో గ్రీజు ఎండిపోయినా, నట్టు మరీ బిగిసినా ఆ మూత కాలిపోతుంది. కాలితే ఆగాలి, చల్లగా ఉంటే పోవచ్చు. "అరచెయ్యి పెట్టొద్దు పాపా. పని చేసి చేసి అరచెయ్యి మొద్దుబారుంటాది, అది అబద్ధం చెప్తాది. చెయ్యి వెనక పక్క పెట్టు" అనేవాడు. పదకొండేళ్ళ దాన్ని, నా అరచెయ్యి ఏ పని చేసి మొద్దుబారిందో! అయినా ఆయన చెప్పినట్టే వెనక్కి తిప్పి పెట్టేదాన్ని. సోమందేపల్లిలో ఒకసారి, పెనుకొండలో ఒకసారి, ధర్మవరం పొలిమేరలో ఒకసారి. "చల్లగుండాయి నాయనా" అని అరిస్తే జీపు కదిలేది. నా మాట మీద ఒక బండి కదులుతుందంటే నాకు ఎంత గర్వమో! ఇప్పుడు హాసిని నుదుటి మీద చెయ్యి తిప్పి పెడుతుంటే మా ఆయన నవ్వుతాడు. థర్మామీటర్ ఉంది కదా అంటాడు.

ఆ ఎండాకాలం సింగారికి ఏదో అయింది. అంతకు ముందు రెండేళ్ళు ట్రాలీ పలక దించగానే తనంతట తానే ఎక్కి మూతిని ముందు చెక్కకు ఆనించి నిలబడేది. ఇప్పుడు ఊరు చేరేసరికి చెమటతో తడిసి దిగేది. తర్వాత్తర్వాత ఎడమ పక్క డొక్క మీద రోమాలు రాలి చర్మం కనబడసాగింది. ఒరిగి ఒరిగి చెక్కకు రాసుకుంటోంది అనుకున్నాం. ఆ తర్వాత పలక దగ్గర ఆగిపోవడం మొదలైంది. ముందు కాలు పెట్టి తీసేది, మళ్ళీ పెట్టి తీసేది. నాయన బుజ్జగించేవాడు, బెల్లం చూపించేవాడు, చివరికి వెనక నుంచి భుజం పెట్టి తోసేవాడు. ట్రాలీ ఎడమ టైరు లోపలి అంచు అరిగిపోతే, "చూడు, ఇది ఒరిగి ఒరిగి టైరును గూడ తినేసె" అన్నాడు. ఒకరోజు వెనక వస్తున్న లారీ డ్రైవర్ పక్కకొచ్చి, "ఏమబ్బా, నీ ట్రాలీ ఎండ్రకాయ మాదిరి పక్కకు నడుస్తాండాది!" అని అరిచిపోయాడు. "వానికేం తెలుసు, లోపల గుర్రం నిలబడుండేదే అట్ల" అన్నాడు నాయన. చక్రాలు చూశావా అని నన్ను అడిగాడు. చూశాను. చల్లగా ఉన్నాయి. ట్రాలీకి మేం పెట్టే పరీక్ష అదొక్కటే. అందులో అది ప్రతిసారీ నెగ్గింది. ఇక తప్పు ఎవరిది కావాలి? గుర్రానిదే.

ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంట్లో పెళ్ళి వచ్చింది. అంత పెద్ద ఇంటి పిలుపు మాకు అదే మొదలు. సింగారి ట్రాలీ నుంచి దిగేసరికే కాళ్ళు వణుకుతున్నాయి. నాయన తడిగుడ్డతో తుడిచి, కిరీటం పెట్టి, గజ్జెలు కట్టాడు. పెళ్ళికొడుకు ఎక్కాక నాలుగు అడుగులు బాగానే వేసింది. బ్యాండు మోగగానే నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి, పడవలో నిలబడినట్టు బిగుసుకొని ఆగిపోయింది. పెళ్ళికొడుకు తలపాగ జారి ముక్కు మీద పడింది. "పెండ్లికొడుక్కి లేని బెదురు గుర్రానికుండాదే!" అని ఒకరు, "ఏమప్పా, తాళి కట్టేది దీనికి గాదని చెప్పినారా లేదా?" అని ఇంకొకరు. అందరూ నవ్వారు. పెళ్ళికొడుకు మేనమామ ఒక్కడు నవ్వలేదు. మేనల్లుడిని చెయ్యిపట్టి దించి, "నడిచే పోదాం పా, శుభమా అని బయల్దేరితే ఇదేందప్పా" అన్నాడు. ఆ శుభమా అన్న మాటకు నాయన ముఖం మాడిపోయింది. మెరవణి గుర్రానికి నడక రాకపోయినా చెల్లుతుందేమో గానీ, అశుభమనే పేరొస్తే ఇక ఏ గడప దగ్గరకూ రానివ్వరు.

మరుసటి పొద్దున తిరుగు ప్రయాణం. ఎట్లాగో తోసి ఎక్కించారు. బ్యాండువాళ్ళు ఇద్దరు పెనుకొండ దాకా వస్తామంటే నాయన ముందు కూర్చోబెట్టుకున్నాడు. నన్ను జీపు వెనక డోళ్ళ మధ్య కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. ట్రాలీలో గుర్రం పక్కన మనిషి ఉండకూడదని నాయన నియమం. కాలు జారితే గుర్రం కింద నలిగిపోతారు. అది తెలిసీ, ఆయన స్టీరింగ్ దగ్గరకు పోయే లోపల వెనక చెక్క ఎక్కి లోపలికి దూకాను. రాత్రంతా సింగారి గడ్డి ముట్టలేదు. దాని మెడ పట్టుకొని నిలబడితే ఊరుకుంటుందేమో అనుకున్నాను.

కొంత దూరం ఏమీ తెలియలేదు. దారి పక్క బండరాళ్ళు, శెనక్కాయ చేల దుమ్ము, డీజిలు వాసన. జీపు ఒక గేదెల మంద దగ్గర వేగం తగ్గించింది. అంతే, నా ఎడమ కాలి కింద నేల వెనక్కి జారింది. జారి, మళ్ళీ ముందుకొచ్చి, కింద నుంచి ఎవరో సమ్మెటతో కొట్టినట్టు టక్కున తగిలింది. నా పళ్ళు కొట్టుకున్నాయి. జీపు ముందుకు లాగింది, మళ్ళీ జారుడు, మళ్ళీ దెబ్బ. మొదటి రెండు దెబ్బలకు నేను పడబోయి జూలు పట్టుకొని వేలాడాను. ఆ తర్వాత గమనించాను. దెబ్బ రాకముందే సింగారికి తెలిసిపోతోంది. జీపు శబ్దం మారగానే నాలుగు కాళ్ళూ ఎడం చేసి, డొక్కను ఎడమ చెక్కకు నొక్కిపెట్టి, ఊపిరి బిగపట్టేది. దెబ్బ పడేది. ఊపిరి వదిలేది. పెళ్ళి వీధిలో బ్యాండు శబ్దానికి అది నిలబడిందీ సరిగ్గా ఇట్లాగే. నేనూ దాన్ని చూసి కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాను. పెనుకొండ కొండ కనబడే దాకా ఇద్దరం అట్లా దెబ్బలు కాచుకుంటూ వచ్చాం.

టీ అంగడి దగ్గర ఆగగానే వెనక నుంచి దూకి చక్రాల దగ్గరకు పోయి నిలబడ్డాను. నాయన వచ్చి అడిగాడు, "చూసినావా పాపా?" చూశానన్నాను. "ఎట్లుండాయి?" "చల్లగుండాయి." అది నిజమే. అడిగినదానికి నిజమే చెప్పాను. అడగనిది చెబితే లోపల ఎక్కానని తెలుస్తుంది, తెలిస్తే మళ్ళీ జీపు ఎక్కనివ్వడు. ఆ ఎండాకాలం నాకు ఇల్లు, బడి, సంత తప్ప ఉన్న లోకమంతా ఆ జీపు చూపించినదే. నోరు మూసుకున్నాను.

ఇంటికి చేరాక పెళ్ళి సంగతి విని అవ్వ లేచి సింగారి దగ్గరకు పోయింది. గుర్రం ఒంటి మీద వెంట్రుకలు అక్కడక్కడా గుండ్రంగా తిరిగి ఉంటాయి, వాటిని సుడులంటారు. ఏ సుడి ఎక్కడుంటే ఇంటికి ఏమవుతుందో తాత అవ్వకు చెప్పి పోయాడు. అవ్వ జూలు ఎత్తి, నొసలు నిమిరి, మెడ ఎడమ పక్క ఒకచోట వేలు పెట్టి ఆగిపోయింది. "ఒరే, ఇట్ల రా. ఇది చూడు. కిందికి తిరిగిన సుడి. కొన్నప్పుడు ఎవరు చూసినార్రా దీన్ని?" నాయన చూశానన్నాడు. "నువ్వు పండ్లు చూసింటావు, గిట్టలు చూసింటావు. సుడి చూసేది మీ నాయన. ఆయన లేకపాయె. ఇది ఇల్లు దిగగొట్టే సుడిరా." నాయన ఆ రోజు ఒప్పుకోలేదు. నిమ్మకాయలు తెచ్చి ట్రాలీ చక్రాల కింద పెట్టి తొక్కించాడు. ఉప్పు, మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదని అవ్వ, వచ్చిందని అమ్మ వాదులాడుకున్నారు. తర్వాతి పిలుపుకు సింగారి పలక మీద కాలే పెట్టలేదు. తోస్తే వెనక కాళ్ళ మీద లేచి నాయన భుజానికి తగిలించింది. ఆ పెళ్ళివాళ్ళకు రాలేమని కబురు పంపాల్సి వచ్చింది. ఆ సాయంత్రం అవ్వ, "ఊర్లో తెలియకముందే అమ్మేయ్. తెలిస్తే ఇది పోదు, ఇంకొకటి తెచ్చినా నిన్నెవరూ పిలవరు" అంది. నాయన భుజం రుద్దుకుంటూ తల ఊపాడు.

నేను తలుపు వెనకే ఉన్నాను. ఆ రోజు చెప్పొచ్చు. మరునాడు చెప్పొచ్చు. పదకొండు రోజులు ఉన్నాయి, లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. రోజూ పొద్దున చెబుదామని లేచేదాన్ని. గంగాళం దగ్గర నాయన సింగారి మెడ గోకుతూ ఉండేవాడు, దాని ముఖం చూసేవాడు కాదు. ఆయన్ను చూస్తే భయం వేసేది. పన్నెండో రోజు తాడిమర్రి నుంచి ఓబుళేసు అనే గొర్రెల కాపరి వచ్చాడు. మందతో దూరాలు పోయేటప్పుడు సామాన్లు మోయడానికి ఒక గుర్రం కావాలట. సుడుల మాట ఆయన ఎత్తనే లేదు. నాయన ట్రాలీలో తెచ్చిస్తానంటే, "ఎందుకప్పా, నాకు కాళ్ళుండాయి, దానికీ ఉండాయి" అని కళ్ళెం పట్టుకొని నడిచాడు. మా సందు చివర దాకా సింగారి ఒక్కసారి కూడా మొరాయించలేదు. మొండి గుర్రం ఎంత బుద్ధిగా పోతోందో అని అవ్వ ఆశ్చర్యపోయింది. నేను అటక ఎక్కి చెవులు మూసుకున్నాను.

ఒప్పుకున్న పెళ్ళి ఒకటి పెనుకొండలో మిగిలి ఉంటే నాయన ఊళ్ళో తెలిసినవాళ్ళ ముసలి గుర్రాన్ని అడిగి తెచ్చుకున్నాడు. దాని సుడులన్నీ అవ్వ ముందే చూసి మంచివంది. పెనుకొండలో పలక దించేసరికి ఆ ముసలిది చెమటతో ముద్దయి ఉంది. ఎడమ డొక్క మీద చర్మం లేచింది. నాయన కాసేపు ఆ డొక్కనే చూస్తూ నిలబడి, రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. నేను చక్రాల దగ్గరకు పోబోతే, "వద్దులే" అన్నాడు. ఆ పెళ్ళి ఎట్లాగో అయింది. ముసలిదాన్ని నెమ్మదిగా దాని ఇంటికి చేర్చి, మరునాడు జీపును నేరుగా హిందూపురం చివర కమాన్ పట్టీలు కట్టే షెడ్డుకు తోలాడు. ఆ షెడ్డు మస్తాన్ మామది. నాయన కంటే పెద్దవాడు, నోట్లో ఎప్పుడూ ఆకువక్క.

మస్తాన్ మామ చక్రాలు ముట్టనే లేదు. జీపులో ఉన్న గుర్రం కళ్ళెం తాడు అడిగి తీసుకున్నాడు. జీపుకు తగిలించే కొక్కెం దగ్గర ఒక కొస నన్ను పట్టుకోమని, రెండో కొస కుడి చక్రం నడుమ దాకా లాగి, అక్కడ ముడి వేశాడు. అదే తాడు ఎడమ చక్రం వైపు తీసుకుపోయాడు. ముడి చక్రం నడుమకు అందలేదు. నాలుగు వేళ్ళు తక్కువైంది. "ఏమప్పా, నీ ట్రాలీకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి" అని కిందికి దూరాడు. పట్టీలన్నిటినీ గుచ్చి ఇరుసు మీద కదలకుండా పట్టుకునే నడిమి బోల్టు ఎడమ పక్క తెగిపోయింది. పై బిగింపులు కూడా వదులై, ఇరుసు ఆ పక్క వెనక్కి జారి కూర్చుంది. బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు, లాగినప్పుడల్లా వెనక్కి. టైరు అరిగింది అందుకే. ట్రాలీ ఎండ్రకాయలా నడిచిందీ అందుకే. "నాకు జీపులో ఏం తెలియలేదే" అన్నాడు నాయన. "నీకెట్ల తెలుస్తాది? నువ్వు సీటు మీద కూర్చుంటివి. గుర్రం నిలబడే తావులో ఒకసారన్నా నిలబడినావా?" "ఆడ మనిషెట్ల నిలబడతాడప్పా?" "ఎక్కు, చూపిస్తా."

నాయన ఎక్కాడు. మస్తాన్ మామ జీపు తీసి ఆ రోడ్డు మీద ఒక ఫర్లాంగు పోయి వచ్చాడు, దారిలో నాలుగైదుసార్లు కావాలనే బ్రేకు తొక్కాడు. దూరం నుంచి నాకు చెక్కల పైన నాయన తల ఒక్కటే కనబడింది. ప్రతి దెబ్బకూ ఎగిరి పడుతోంది. ఆగాక దిగడానికి చాలాసేపు పట్టింది. దిగి, పంపు కింద ముఖం కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. మస్తాన్ మామ ఆకు ఉమ్మి, ఇంకేమీ ఎగతాళి చేయకుండా పాత బోల్టు ముక్కను ఊడబీకే పనిలో పడ్డాడు.

ట్రాలీ బాగయిన మూడో రోజు తాడిమర్రికి పోయాం. జీపు మస్తాన్ మామే నడిపాడు, తన పని తానే చూసుకుంటానని. సింగారి ఒక కంప దడి పక్కన, చుట్టూ గొర్రెపిల్లలతో నిలబడి ఉంది. చెమట లేదు, డొక్క మీద కొత్త రోమాలు వస్తున్నాయి. ఓబుళేసు, "మంచి గుర్రమప్పా. మా గొర్రెలు తలపాగలు చుట్టుకోవు గదా, దీనికి బెదురే లేదు" అన్నాడు. నాయన జరిగిందంతా చెప్పాడు. ఆయన కాసేపు గడ్డం గోక్కొని, అమ్మిన ధరకే తిరిగి ఇస్తానన్నాడు. పలక దించారు. సింగారి పలకను చూసింది, వెనక్కి నడిచింది. నాయన తానే ముందు ఎక్కి, లోపల గట్టిగా ఎగిరి చూపించాడు. "చూడు, ఏం లేదు, చూడు" అంటూ. "నువ్వెగిరితే అదెక్కుతాదా?" అని ఓబుళేసు నవ్వాడు. గంట సేపు ప్రయత్నించారు. కర్ర తీద్దామా అని మస్తాన్ మామ అడిగాడు. నాయన వద్దన్నాడు. పలక ఎత్తి మూసి, "నువ్వు ట్రాలీ తీసుకొని పో అన్నా. నేను దీన్ని నడిపించుకొనొస్తా" అన్నాడు. "హిందూపురం దంకానా?" "హిందూపురం దంకా."

నేనూ నడుస్తానని మొండికేశాను. ఎండ తగ్గాక నడవడం, పొద్దు వాలితే ఎవరి కొట్టంలోనో ఆగడం. కాళ్ళు నొప్పి పుడితే నన్ను సింగారి మీద కూర్చోబెట్టేవాడు, ఆయన మాత్రం ఎక్కలేదు. ధర్మవరం దాటాక, ఆ మలుపుల దారిలో, గుర్రం మీద నుంచే చెప్పేశాను. ఆయన ముఖం కనబడదు కాబట్టి చెప్పగలిగాను. లోపల ఎక్కానని, దెబ్బలు నాకూ తగిలాయని, పదకొండు రోజులని. నాయన ఆగలేదు. నడుస్తూనే అన్నాడు, "నెల దినాలు అది చెప్తానే ఉండె. ఒళ్ళు చించుకొని చెప్పె. దాని మాటే వినలేదు, నీ మాట వినింటానా పాపా?" ఇంకెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ మాటతో నా తప్పంతా తన మీద వేసుకున్నాడని పెద్దయ్యాక అర్థమైంది. కానీ వినేవాడేమో. ఎడమ పక్క ఒకసారి కిందికి దూరి చూసేవాడేమో. ఇన్నేళ్ళూ ఆ ఏమో అనేదే నన్ను కూర్చోనివ్వదు.

సింగారి మళ్ళీ ట్రాలీ ఎక్కలేదు. ఎవరూ ఎక్కమనలేదు కూడా. నడిచి పోగలిగినంత దూరం పెళ్ళిళ్ళకే పోయేది. పిలుపులు తగ్గాయి, అమ్మ ఫ్యాక్టరీలో ఎక్కువ గంటలు చేసింది. అవ్వ ఆ సుడి గురించి చివరిదాకా మనసు మార్చుకోలేదు, అయినా ఉలవల వేడి చూడటం మానలేదు. ట్రాలీ గోడవార పడి ఉండి గడ్డికి, కట్టెలకు పనికొచ్చింది. సింగారి ముసలిదై మా కొట్టంలోనే పోయింది. అప్పటికి నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. నాయన ఫోన్ చేసి చెప్పి, తిన్నావా అని అడిగి, పెట్టేశాడు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుకుంటున్నానంటే, నాయన చెప్పిన గుజిరీ మాట ఒక్కటే కారణం కాదు. తొమ్మిది రోజులుగా హాసిని బడి ఆటో ఎక్కడం లేదు. అంతకు ముందు రెండు నెలలు ఎగురుకుంటూ ఎక్కింది. ఇప్పుడు ఆటో హారన్ వినబడితే మంచం కింద దూరుతుంది. ఎందుకని అడిగితే తల అడ్డంగా ఊపుతుంది, అంతే. మా అత్త దిష్టి తీసింది. మా ఆయన చెడ్డవాడు కాడు, "రెండు దినాలు ఏడిస్తే అదే అలవాటవుతాది, నువ్వే దాన్ని పాడు చేస్తాండావు" అంటాడు. మొన్న సోమవారం నేనే ఆటో ఎక్కి కూర్చున్నాను, హాసిని కూర్చునే చోట, డ్రైవర్ వెనక అడ్డచెక్క మీద. "ఏమక్కా, నువ్వు గూడ ఎల్‌కేజీనా?" అని డ్రైవర్ నవ్వాడు. బడి దాకా పోయాను. చెక్క గట్టిగానే ఉంది. ఇంజన్ వేడి తగలలేదు. పిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటూ నవ్వుతున్నారు, డ్రైవర్ గుంతలు చూసి నెమ్మదిగా పోతున్నాడు. టీచరును అడిగాను, పక్కింటి పిల్లాడిని అడిగాను. ఏమీ లేదు. నాకు ఏమీ దొరకలేదు. తాడు పట్టి కొలవడానికి నా దగ్గర మస్తాన్ మామ లేడు. లేని తప్పును వెతుకుతున్నానేమో కూడా తెలియదు.

అందుకని నడుస్తున్నాం. మూడు రోజులైంది. బడి మరీ దూరం కాదు, కానీ హాసిని కాళ్ళకు దూరమే. వంట త్వరగా ముగించి, నీళ్ళ సీసా తీసుకొని, మగ్గాల వీధి గుండా పోతాం. "ఎన్ని దినాలని ఇట్ల నడిపిస్తావు?" అని ఈ పొద్దున మా ఆయన అడిగాడు. తెలీదన్నాను. మేం వీధి చివరకు పోయేసరికి ఆ ఆటో మా పక్క నుంచే పోయింది. పిల్లలు బయటికి చేతులు పెట్టి హాసినీ హాసినీ అని అరిచారు. ఇది నా వెనక్కి వచ్చి, రెండు చేతులతో నా కాలు పట్టుకొని, ఊపిరి బిగపట్టింది. నేనూ కదలలేదు. ఆటో మలుపు తిరిగి కనబడకుండా పోయాక ఊపిరి వదిలి, నా కాలు వదిలి, ముందు నడిచింది.